నిలువనీడ లేనివారు: చెన్నైలో ఎవరు, ఎందుకు, సాయం ఎక్కడ

చెన్నైలో కొత్తగా దిగిన తెలుగువారిని మొదట తికమక పెట్టే మాటల్లో ‘ప్లాట్‌ఫారం’ ఒకటి. మనకు అది రైలు ఆగే చోటు. ఈ ఊరివారికి రోడ్డు పక్కన నడిచే బాట కూడా ప్లాట్‌ఫారమే. ఫలానా మనిషి ప్లాట్‌ఫారంలో ఉంటాడని ఎవరైనా అన్నారంటే అతనికి ఇల్లు లేదని అర్థం. రాత్రి పదిన్నర దాటాక సెంట్రల్ స్టేషన్ ఎదుట సబ్‌వే మెట్లెక్కి జనరల్ ఆసుపత్రి ప్రహరీ వెంట గానీ, స్టేషన్ పక్కనుంచి ఉత్తరంగా సాగే వాల్‌టాక్స్ రోడ్డులో గానీ నడిస్తే, ఆ ఒక్క మాట ఎంతమందిని తనలో కలిపేసుకుందో తెలుస్తుంది.

అక్కడ పడుకునేవారిలో నలుగురిని ఊహించుకుందాం. ఒకాయన నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి భార్యను ఆసుపత్రిలో చేర్పించడానికి వచ్చాడు. ఆడవాళ్ల వార్డులో మగతోడును రాత్రిపూట ఉండనివ్వరు, లాడ్జికి పెట్టే డబ్బు మందులకు కావాలి, అందుకని గోడవార నడుం వాల్చాడు. రెండో మనిషి మూటలు మోసే కూలి. ఊళ్లో అతనికి ఇల్లూ భార్యాపిల్లలూ ఉన్నారు, ఇక్కడ గది తీసుకుంటే ఇంటికి పంపడానికి ఏమీ మిగలదని ఏళ్ల తరబడి మూసిన కొట్ల అరుగుల మీదే నిద్రపోతున్నాడు. మూడోది ఒక కుటుంబం: అమ్మమ్మ, కూతురు, మనవరాలు ముగ్గురూ ఆ బాట మీదే పుట్టి పెరిగారు, వాళ్ల పొయ్యి, ట్రంకుపెట్టె, బిందెలు అన్నీ టార్పాలిన్ కిందనే. నాలుగో మనిషి, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెప్పే ఒక స్త్రీ. ఏ రైల్లో దిగిందో, ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు, తనలో తాను తెలుగులో మాట్లాడుకుంటూ ఉంటుంది. దారిన పోయేవారి కంటికి ఈ నలుగురూ ఒకటే. నిరాశ్రయత గురించి మనం చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ చూపులోనే మొదలవుతాయని నా అభిప్రాయం. వారి అవసరాలు వేరు, వారికి వర్తించే చట్టాలు వేరు, వారు తట్టవలసిన తలుపులు వేరు. తప్పు తలుపు తట్టినవాడికి ఆ రోజు సాయం అందదు సరికదా, మరోసారి అడుగుదామన్న ధైర్యం కూడా పోతుంది.

లెక్కకు అందేవారు, అందనివారు

మన దేశంలో ఇల్లు లేనివారిని జనగణన ఒక ప్రత్యేకమైన రాత్రి లెక్కిస్తుంది. కిందటిసారి అది 2011 ఫిబ్రవరి 28 రాత్రి. రోడ్డు పక్కన, కాలిబాటల మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారిని ఇల్లు లేనివారిగా జనగణన నిర్వచిస్తుంది. ఆ రాత్రి దేశం మొత్తం మీద తేలిన సంఖ్య సుమారు 17.7 లక్షలు, అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లోనివారు. అంతకు పదేళ్ల ముందు, 2001లో, మొత్తం సంఖ్య 19.4 లక్షలు ఉండగా పట్టణాల వాటా 7.8 లక్షల దగ్గర ఉంది. అంటే దేశం మీద సంఖ్య తగ్గింది, పట్టణాల్లో మాత్రం పెరిగింది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కాబట్టి నేటికీ విధానాలన్నీ ఆ పాత రాత్రి మీదే ఆధారపడి ఉన్నాయి. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు.

ఒక్క రాత్రి లెక్కలో ఉన్న చిక్కును అర్థం చేసుకోవడానికి గణాంకశాస్త్రం అక్కరలేదు. మూటలు మోసే మనిషి ఆ వేళకు లారీ దగ్గర పనిలో ఉంటాడు. ఒంటరి ఆడవాళ్లు భయంతో కనిపించకుండా పడుకుంటారు, లేదా అసలు పడుకోరు, తెల్లవారాక రైల్వే స్టేషన్ బెంచీ మీద కునుకు తీస్తారు. ఆ వారమే పోలీసులు ఆ వీధిని ఖాళీ చేయించి ఉంటే అక్కడ లెక్కించడానికి ఎవరూ మిగలరు. కూవం నది ఒడ్డున తాటాకు, రేకులతో వేసుకున్న గుడిసెలో ఉండేవాడు నిర్వచనం ప్రకారం ఇల్లున్నవాడే. ఆ గుడిసె వరదలో కొట్టుకుపోతే మర్నాటి నుంచి ఇల్లు లేనివాడు. ఈ గీత అంత పలచనిది.

బాట మీదే ఎందుకు

చలి మీద నడిచే ఢిల్లీ చర్చను తెచ్చి చెన్నైకి అతికిస్తే ఏమీ అర్థం కాదు. ఇక్కడ చలితో చనిపోయే రాత్రులు లేవు. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా) వాన ఉంది, మే నెల ఎండ ఉంది. మిగిలిన తొమ్మిది నెలలూ ఆరుబయట పడుకోవడం ఎంతో కొంత సాధ్యమే కాబట్టి, ఎక్కడ పడుకోవాలన్నది వాతావరణం కాక పని నిర్ణయిస్తుంది. ఈ విషయం మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే ‘అన్ని సౌకర్యాలున్న ఆశ్రయం ఇస్తామంటే కూడా రారేం’ అన్న సణుగుడికి జవాబు ఇందులోనే ఉంది.

జార్జ్‌టౌన్‌లోని కొత్వాల్ చావడి చాలా కాలం ఈ నగరానికి కూరగాయల మార్కెట్టు. అది కన్యకాపరమేశ్వరీ దేవస్థానం భూమి కావడంతో తెలుగు వైశ్యులకు ఆ చోటుతో ఉన్న అనుబంధం పెద్దవాళ్లకు తెలిసినదే. 1996లో ఆ మార్కెట్టును కోయంబేడుకు తరలించారు. కూరగాయల లారీలు అర్ధరాత్రి దాటాక వస్తాయి, దించడం, మోయడం, విడగొట్టడం తెల్లవారేలోపు అయిపోవాలి. ఆ వేళకు బస్సులు ఉండవు. అందుకని మార్కెట్టు ఎక్కడుంటే మూటలు మోసేవారు ఆ చుట్టుపక్కలే పడుకోవాలి; పన్నెండు కిలోమీటర్ల అవతల ఎంత మంచి గది ఉచితంగా ఇచ్చినా ఆ గదిలో పడుకున్నవాడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. కల్యాణమండపాల్లో వడ్డించేవారు, చెత్త ఏరేవారు, పార్శిల్ ఆఫీసుల ముందు బండ్లు లాగేవారు, ఉదయం అడ్డా మీద నిలబడి మేస్త్రీ కోసం ఎదురుచూసే కూలీలు, అందరిదీ ఇదే లెక్క. వారు ఇల్లు లేక పని వెతుక్కుంటున్నవారు కారు; పని ఉండీ, ఆ పని పక్కన ఇల్లు దొరకనివారు.

అద్దె సంగతి చూస్తే, నెలనెలా కట్టే సొమ్ముకంటే మొదట కట్టవలసిన అడ్వాన్సే పెద్ద గోడ. చెన్నైలో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం పాత ఆచారం. నెలకు ఆరు వేల గది అనుకున్నా అరవై వేలు ఒక్కసారి చేతిలో ఉండాలి. రోజుకూలి మీద బతికేవాడు ఆ గదికి నెలనెలా అద్దె కట్టగలిగినా ఆ మొత్తాన్ని ఒకేసారి పోగుచేయలేడు. 2019లో అమల్లోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం, ఇరువర్గాలూ వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. ఆ ‘తప్ప’ అన్న మాటే ఇంటి యజమానులకు చాలు. ఇక కాంట్రాక్టు పనికి వచ్చి కట్టడం దగ్గరే రేకుల షెడ్డులో ఉండేవారికి పని ముగిసిన రోజే నీడ కూడా ముగుస్తుంది, అది వేరే సంగతి.

మూడో కుటుంబం వంటివారి విషయం ఇంకా లోతైనది. రాయపురం, బేసిన్ బ్రిడ్జి, జార్జ్‌టౌన్ వైపు రెండు మూడు తరాలుగా బాట మీదే ఉంటున్న కుటుంబాలు ఉన్నాయి. వారి పిల్లలు ఆ వీధి కార్పొరేషన్ బడికే వెళ్తారు, వారు ఆ వీధి ఇళ్లలోనే పని చేస్తారు, ఆ వీధి కొట్లోనే అప్పు దొరుకుతుంది. ఇటువంటివారికి, నదుల ఒడ్డున గుడిసెల్లో ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే జవాబు చాలాకాలంగా పునరావాస గృహాలు. 1970లో ఏర్పడిన మురికివాడల నిర్మూలన మండలి 2021 నుంచి తమిళనాడు పట్టణ నివాస అభివృద్ధి మండలిగా పేరు మార్చుకుంది. 2000 ప్రాంతం నుంచి అది కణ్ణగి నగర్, సెమ్మంచేరి, పెరుంబాక్కం వంటి చోట్ల వేల ఇళ్లు కట్టింది. 2015 వరదల తర్వాత అడయారు, కూవం ఒడ్డుల నుంచి ఎన్నో కుటుంబాలను పెరుంబాక్కం తరలించారు. గోడలున్న ఇల్లు వచ్చింది, నిజమే. ఉత్తర చెన్నై నుంచి అక్కడికి వెళ్లినవారికి పని మాత్రం ఇరవై ముప్పై కిలోమీటర్ల వెనక్కి ఉండిపోయింది. ఆ ఇంటికి తాళం వేసి, లేదా ముసలివాళ్లను అందులో ఉంచి, వారంలో ఐదు రాత్రులు మళ్లీ పాత బాట మీదే పడుకునేవారిని చూసి ‘ఇల్లిచ్చినా ఉండరు’ అనడం సులువు. వారు ఇల్లు వద్దనుకోలేదు, కూలి వదులుకోలేకపోయారు.

ఇక ఇంట్లోంచి బయటపడ్డవారు ఉన్నారు: మొగుడి దెబ్బలు భరించలేక పిల్లతో రైలెక్కినామె, ఆస్తి రాయించుకున్నాక కొడుకులు పట్టించుకోని ముసలాయన, తాగుడుతో అందరికీ దూరమైనవాడు, మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతానన్నందుకు ఇంట్లో చోటు పోగొట్టుకున్న మనిషి. మనసు చెదిరినవారి సంగతిలో కారణం ఏది, ఫలితం ఏది అని విడదీయడం కష్టం. జబ్బు వల్ల ఇల్లు పోయినవారు ఉన్నారు, ఇల్లు పోయి రోజుల తరబడి నిద్ర, తిండి, భద్రత కరువై జబ్బుపడినవారూ ఉన్నారు.

సత్రం నుంచి చట్టం దాకా

దారినపోయేవాడికి నీడ, పట్టెడన్నం పెట్టడం మనకు కొత్త ఆలోచన కాదు. ఈ నగరంలో ఆ ఆలోచనకు పాత గుర్తు మణియకారర్ సత్రం. హైదరలీతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1782లో, కరవుకు తాళలేక పట్నంలోకి వచ్చిపడిన జనానికి గంజి పోయడానికి అది మొదలైంది. దాని పక్కన పుట్టిన వైద్యశాలే పెరిగి స్టాన్లీ ఆసుపత్రి అయింది; ఉత్తర చెన్నైలో పెద్దవాళ్లు ఆ ఆసుపత్రిని ఇప్పటికీ కంజి తొట్టి అనడం అందుకే. సెంట్రల్ ఎదుట రామస్వామి మొదలియార్ సత్రం కూడా ప్రయాణికుల కోసం కట్టినదే. సత్రం దయ మీద నడుస్తుంది. దాతకు నచ్చినంతకాలం, నచ్చినవారికి. ఇందుకు పూర్తిగా ఎదురుగా నడిచింది 1945 నాటి మద్రాసు భిక్షాటన నిరోధక చట్టం. దిక్కులేనివాణ్ణి అది నేరస్థుడిగా చూస్తుంది, పట్టి శిబిరానికి పంపమంటుంది. ఇటువంటి నిబంధనలనే ఢిల్లీ హైకోర్టు 2018లో తమ పరిధిలో కొట్టివేసింది. వీధుల్లో బిచ్చగాళ్లను లేకుండా చేయమంటూ కొవిడ్ కాలంలో వేసిన వ్యాజ్యంలో అటువంటి ఆదేశం ఇవ్వడానికి సుప్రీంకోర్టు 2021లో నిరాకరించింది. తమిళనాడులో మాత్రం పాత చట్టం ఇంకా పుస్తకంలో ఉంది.

ఈ రెంటికీ నడుమ హక్కు అన్న భాష నెమ్మదిగా వచ్చింది. బొంబాయి కాలిబాట వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని చెప్పింది. ఈ తీర్పును చాలామంది సగమే చెబుతారు. కాలిబాట మీద శాశ్వతంగా ఉండే హక్కును అది ఇవ్వలేదు, ముందుగా నోటీసు ఇచ్చి పద్ధతి ప్రకారం ఖాళీ చేయించవచ్చనే అన్నది. అయినా చెప్పాపెట్టకుండా సామాన్లు లారీలోకి విసిరేస్తున్నప్పుడు పట్టుకోవడానికి ఆ తీర్పు ఒక కొమ్మ. ఆ తర్వాత ఆహార హక్కు కేసులో, 2010 జనవరి ఢిల్లీ చలి నేపథ్యంలో, పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున రోజంతా తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలన్న కొలత వచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఆ కొలతనే పథకంగా మార్చింది: లక్ష జనాభాకు కనీసం వంద మంది ఉండగల శాశ్వత ఆశ్రయం, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, నీళ్లు, మరుగుదొడ్లు, వంటకు చోటు, దుప్పట్లు. చెన్నై కార్పొరేషన్ విస్తరించిన పరిధిలో 2011 లెక్క ప్రకారమే సుమారు 67 లక్షల మంది ఉన్నారు. ఆ కొలతను కొలతగా పాటిస్తే 67 ఆశ్రయాలు, 6,700 పడకలు ఉండాలన్నమాట. ఆ తర్వాత నగరం ఎంత పెరిగిందో చెప్పనక్కరలేదు.

కాప్పగం లోపల

చెన్నైలో ఈ ఆశ్రయాలు కార్పొరేషన్‌వి, వాటిని చాలావరకు స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి. తమిళం చదవలేని తెలుగువారు గుర్తుపెట్టుకోవలసిన మాట ‘వీడట్రోర్ కాప్పగం’: ఇల్లు లేనివారి ఆశ్రయం. బోర్డు మీద కార్పొరేషన్ గుర్తుతో పాటు ఈ మాటే ఉంటుంది. ఒక్కో కాప్పగం ఒక్కో వర్గానికి ప్రత్యేకం: మగవాళ్లకు, ఆడవాళ్లకు, వృద్ధులకు, వికలాంగులకు, మానసిక సమస్యలున్నవారికి, మగపిల్లలకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా ఉంటాయి. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల ప్రాంగణాల్లో రోగుల వెంట వచ్చినవారి కోసం కూడా ఉన్నాయి. ఉండటానికి డబ్బు అడగరు.

ఇలా వర్గాలుగా విడదీయడంలో భద్రత ఉంది. ఆడవాళ్లు నిశ్చింతగా పడుకోవాలంటే అది తప్పదు. కానీ బాట మీది కుటుంబానికి ఇదే అడ్డంకి: భర్త ఒకచోట, భార్య మరోచోట, పదమూడేళ్ల కొడుకు మూడోచోట అంటే ఏ తల్లీ ఒప్పుకోదు. కుటుంబాలు కలిసి ఉండగల ఆశ్రయాలు ఉండవలసినన్ని లేవు. రెండో అడ్డంకి సామాను. బిందెలు, తోపుడు బండి, ఇస్త్రీ పెట్టె లోపలికి రానివ్వకపోతే బయట పెట్టినవి తెల్లారేసరికి ఉండవు. మూడోది వేళలు, రాత్రి రెండింటికి పనికి వెళ్లి ఉదయం తొమ్మిదికి పడుకునేవాడికి, తొమ్మిదింటికి పక్కలు తీసేసే చోటు ఎందుకూ పనికిరాదు. తాగినవారిని రానివ్వకపోవడం నిర్వాహకుల కోణంలో సబబే, కానీ నగరంలో ఎక్కువ ప్రమాదంలో ఉన్న మగవాళ్లు వాళ్లే. ఇవన్నీ తెలిశాక, పడకలు ఖాళీగా ఉండటం, బయట మనుషులు నిండి ఉండటం ఒకేసారి ఎలా సాధ్యమో అర్థమవుతుంది.

ఎవరు ఏ తలుపు తట్టాలి

ఆసుపత్రికి తోడుగా వచ్చినవారితో మొదలుపెడదాం, ఎందుకంటే నెల్లూరు, తిరుపతి, ప్రకాశం జిల్లాల నుంచి ఈ ఊరికి వచ్చే తెలుగువారిలో వీరి సంఖ్య చిన్నది కాదు, నిరాశ్రయులమని వీరు తమను తాము అనుకోరు కూడా. వైద్యానికని వచ్చి డబ్బు అయిపోయి, ఆ రాత్రి గడిస్తే చాలనుకునేవారు వార్డు నర్సును గానీ, ఆసుపత్రి విచారణ కౌంటరును గానీ ‘అటెండర్లకు కాప్పగం ఉందా’ అని అడగాలి; ఇక్కడ అటెండరంటే రోగికి తోడుగా ఉన్న మనిషి. తిండికి 2013లో మొదలైన అమ్మ ఉణవగాలు ఉన్నాయి. రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం, మూడు రూపాయలకు పెరుగన్నం అన్న ధరలతో మొదలైన ఈ క్యాంటీన్లు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. మన రాష్ట్రం ఆరోగ్య పథకం ఏ చెన్నై ఆసుపత్రిలో చెల్లుతుందో బయలుదేరకముందే ఊళ్లో కనుక్కోవడం మంచిది. సెంట్రల్‌లో దిగాక కనుక్కోవడంలో రెండు రోజులు పోతాయి, ఆ రెండు రోజులే గోడవార గడుస్తాయి.

వీధిలో ఎవరినైనా చూసి ఆశ్రయం కోసం సమాచారం ఇవ్వాలంటే కార్పొరేషన్ నంబరు 1913. ఫోను చేసేముందు ఆ మనిషిని అడగాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. రానని చెప్పే హక్కు పెద్దలకు ఉంది, బలవంతంగా వ్యాను ఎక్కించినవారు మూడో రోజు పాత చోటే కనిపిస్తారు, ఆ మధ్యలో వారి మూట మాత్రం పోయి ఉంటుంది. పిల్లల విషయం వేరు. ఒంటరిగా తిరుగుతున్న పిల్లలు కనిపిస్తే 1098కి చెప్పాలి, రైల్వే స్టేషన్లలో అయితే రైల్వే పోలీసులకు చెప్పినా సరే. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఆ బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. జాలిపడి ఇంటికి తీసుకెళ్లి ఉంచుకోవడం, ఎంత మంచి మనసుతో చేసినా, చట్టం ఒప్పుకోదు.

ఇంట్లో హింస వల్ల బయటపడ్డ స్త్రీకి 181 రోజంతా పనిచేస్తుంది. 2005 గృహహింస చట్టం ఆమెకు రెండు దారులు ఇస్తుంది: ఆశ్రయ గృహం అడిగితే ఇవ్వాలి, అది కాకపోతే తాను కాపురం చేసిన ఇంట్లోనే ఉండే హక్కును కోర్టు ద్వారా నిలబెట్టుకోవచ్చు, ఆ ఇల్లు ఆమె పేరున లేకపోయినా. వృద్ధులకు 14567 ఉంది. 2007 తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కింద ట్రిబ్యునల్ నెలకు పది వేల వరకు భరణం ఇప్పించగలదు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకొని మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయమనీ అడగవచ్చు. ముసలివారిని దిక్కులేకుండా వదిలేయడం ఆ చట్టం ప్రకారం మూడు నెలల దాకా జైలు పడే నేరం. ఖాళీ చేయించడం వంటి వాటికి లాయరు కావాలంటే ఉచిత న్యాయసేవల నంబరు 15100. స్పృహ లేనివారిని, గాయపడ్డవారిని చూస్తే వేరే ఆలోచన వద్దు, 108.

సెంట్రల్ చుట్టూ అన్నదానాలు చేసేవారికి ఒక మాట. పండుగ రోజు మధ్యాహ్నం ఒకే గంటలో నాలుగు వ్యాన్లు వచ్చి ఒకే మనిషికి నాలుగు పులిహోర పొట్లాలు ఇస్తాయి; మర్నాడు ఎవరూ రారు. వానాకాలంలో అదే డబ్బుతో ఒక టార్పాలిన్, ఒక జత చెప్పులు ఇస్తే ఎక్కువ రోజులు ఉపయోగపడతాయి. ఆడవాళ్లున్న చోట ఏం కావాలని అడిగి చూడండి. నా అనుభవంలో తిండికంటే ముందు వినిపించే జవాబు స్నానానికి చాటు.

చిరునామా లేనివాడి కాగితాలు

అన్ని పథకాలూ చిరునామా అడుగుతాయి, ఇల్లు లేనివాడికి లేనిదే అది. ఈ ముడిని విప్పే దారులు నిబంధనల్లోనే ఉన్నాయి, చాలామంది కింది ఉద్యోగులకే అవి తెలియవు. ఆధార్‌కు గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. నాలుగు వారాలు కాప్పగంలో ఉండమని కొందరిని ఒప్పించగలిగేది ఈ ఒక్క ప్రయోజనమే. ఊళ్లో ఆంధ్ర బియ్యం కార్డు ఉండి, అది జాతీయ ఆహార భద్రత చట్టం కిందకు వచ్చేదై, ఆధార్‌తో కలిపి ఉంటే, ‘ఒకే దేశం ఒకే రేషన్’ కింద ఇక్కడి రేషన్ దుకాణంలోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. తమిళనాడు 2020 అక్టోబరులో ఈ ఏర్పాటులో చేరింది. ఇక్కడున్నవాడు తన వంతు ఇక్కడ తీసుకొని, మిగిలినది ఊళ్లోని కుటుంబం అక్కడ తీసుకోవడం కూడా కుదురుతుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చే కార్డులకు, ఇక్కడి కార్డులకు ప్రత్యేకంగా ఇచ్చే పప్పు, నూనెలకు ఇది వర్తించదు. కార్డు ఏ రకమో తెలియకుండా క్యూలో నిలబడి కోప్పడటం దుకాణంవాడికీ మనకీ దండగ.

అన్నిటికంటే ఆసక్తికరమైనది ఓటు. ఇల్లు లేనివారు ఫారం 6లో తాము పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు, ఫలానా గుడి ఎదుట, ఫలానా వంతెన కింద అని. దానికి వేరే రుజువు అక్కరలేదు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట, ఒకటికి మించిన రాత్రులు, ఆ చోటికి వెళ్లి అతను నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసి నమోదు చేయాలి. రాత్రి వచ్చి పక్క ఎత్తించే ప్రభుత్వమే మరో రాత్రి వచ్చి ఆ పక్కను చిరునామాగా రాసుకోవాలన్న ఈ నిబంధన కాగితం మీద ఉండటమే నాకు వింతగా, సంతోషంగా ఉంటుంది.

మనసు చెదిరినవారు, మన మాట

నాలుగో మనిషి, తెలుగులో తనలో తాను మాట్లాడుకునే ఆ స్త్రీ, మిగిలింది. ఈ విషయంలో మనం చేయగలిగినది మిగతావాటికంటే ఎక్కువ.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా ఉంది. దిక్కులేక తిరుగుతున్న మనిషికి మానసిక అనారోగ్యం ఉందని, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉందని పోలీసులకు అనిపిస్తే రక్షణలోకి తీసుకోవాలి, ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. అంతటితో అయిపోదు: ఇల్లు లేక తిరుగుతున్న మనిషి దొరికితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతకడం ఆ స్టేషన్ అధికారి బాధ్యత. ప్రభుత్వ మానసిక వైద్యం వారికి పూర్తిగా ఉచితం, పేదరికపు కార్డు ఉన్నా లేకపోయినా. కీల్పాక్కంలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ అందుకు పాత, పెద్ద చోటు. 1993లో ఇద్దరు యువతులు మానసిక అనారోగ్యంతో వీధుల్లో ఉన్న స్త్రీల కోసం ఈ నగరంలో మొదలుపెట్టిన ‘ది బనియన్’ సంస్థ, చికిత్స తర్వాత వారిని సొంత రాష్ట్రాల్లోని ఇళ్లకు చేర్చడం, ఇళ్లు లేనివారిని నలుగురైదుగురిని కలిపి మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో తోడుతో ఉంచడం దేశానికి చూపించింది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరికైనా మొదటి లక్షణాలు కనిపించినప్పుడే, వీధిదాకా రాకముందే, వాడుకోవలసిన నంబరు అది.

ఇక భాష. తమిళ పోలీసు, తమిళ నర్సు, తెలుగు తప్ప రాని స్త్రీ. ‘భాష తెలియదు, మాట్లాడదు’ అని కాగితం మీద రాయడం వల్ల ఊరి పేరు తెలియకుండానే ఏళ్లు గడిచిన సందర్భాలు ఉంటాయి. అటువంటి చోటికి తోడు వెళ్లగలిగిన తెలుగువారు పేరుతో మొదలుపెట్టకపోవడం మంచిది; పేరు చెప్పడానికి భయపడేవారు ఉంటారు, పెళ్లికి ముందు పేరొకటి తర్వాత పేరొకటి చెప్పేవారూ ఉంటారు. మీ ఊళ్లో చెరువు ఉందా, తిరునాళ్లు ఏ అమ్మవారికి చేస్తారు, సంతకు ఏ ఊరు వెళ్తారు, బస్సు ఎక్కడ ఎక్కుతారు, పొలంలో వరా వేరుశనగా పొగాకా అని అడగాలి. గూడూరు సంత అన్నవారికీ కందుకూరు పొగాకు అన్నవారికీ మధ్య జిల్లాయే మారిపోతుంది. చెప్పినది చెప్పినట్టే, మన ఊహ కలపకుండా, తెలుగు లిపిలో రాసి, పక్కన తమిళంలో ఎవరిచేతనైనా రాయించి, ఎఫ్‌ఐఆర్ నంబరుతో కలిపి ఆసుపత్రి సోషల్ వర్కరుకు ఇవ్వాలి. మొదటి రోజు ఒక్క మాట కూడా రాకపోవచ్చు. మందులు మొదలైన రెండు మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. అప్పుడు చాలాసార్లు ముందుగా బయటికి వచ్చేది ఊరి పేరు కాదు, తోబుట్టువు పేరు.